పొయ్యి మీది జొన్నకంకులు

నా నోరు మంచిది కాదని మా ఊళ్లో చిన్నాపెద్దా అందరూ అంటారు. అననీ. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఇప్పుడు కూడా ఉన్నమాటే చెప్తున్నాను. మా ఊరి పచ్చజొన్న నా చేతిలో పోయింది. పాత పంటలు పోయాయని కొందరు ప్రభుత్వాన్ని తిడతారు, కొందరు మందులమ్మేవాళ్లను తిడతారు, ఎవరూ దొరక్కపోతే కాలాన్ని తిడతారు. వాళ్లు తిట్టేదాంట్లో నిజం ఉండొచ్చు. కానీ మా ఊళ్లో చిట్టచివరి విత్తనం మా ఇంట్లోనే ఉండేది, అది ఎట్లా పోయిందో నాకు తెలుసు.

మా తల్లిగారిల్లు వేములవాడ దగ్గర. చుట్టూ వరి. చిన్నప్పుడు మాకు బువ్వ అంటే వరన్నమే. నన్ను తెచ్చి బోథ్ దగ్గర ఈ ఊళ్లో ఇచ్చారు. ఇక్కడ నల్లరేగడి, ఎటు చూసినా జొన్న. పొద్దున అంబలి, మధ్యాహ్నం రొట్టె, రాత్రికి గటక. జొన్నలను ఇసుర్రాయి మీద రవ్వగా విసిరి, ఎసట్లో పోసి, జావ కన్నా గట్టిగా, అన్నం కన్నా పలుచగా ఉడికిస్తే అదే గటక. పండుగొస్తే తప్ప వరన్నం వండేవాళ్లు కాదు. వచ్చిన వారం రోజులు నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. బువ్వ లేని ఇంటికి ఇచ్చారు కదా అని మా బాపును మనసులో తిట్టుకున్నాను.

రొట్టె చేయడం నాకు రాలేదు. నీళ్లెక్కువైతే చేతికంటుకునేది, తక్కువైతే పలిగిపోయేది. మా అత్త పక్కన కూర్చుని చూసి చూసి, "ఇది రొట్టెనా పిల్లా, ఎద్దు అడుగేసిందా?" అనేది. ఊరంతా వినేట్టు నవ్వేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మా దిక్కు గీ జొన్నలు గొడ్లకు పోస్తరు అత్తా" అన్నాను ఒకసారి. కోపం చేస్తుందనుకున్నాను. "గందుకేనే మీ దిక్కు గొడ్లు బలంగుంటయ్, మనుషులు నీ లెక్క పుల్లలుంటరు" అంది. ఆ రోజు నుంచి నాకూ ఆమెకూ కుదిరింది. పొద్దున లేస్తే తిట్టుకునేవాళ్లం, ఒకరు లేకుండా ఒకరం తినేవాళ్లం కాదు.

అప్పట్లో చేనులోకి దిగితే మనిషి కనపడేది కాదు, జొన్న అంత ఎత్తు. ఆడవాళ్ల మాటలు మాత్రం వినపడేవి. గింజ పాలు పోసుకునే రోజుల్లో చేనుకొక మంచె కట్టేవాళ్లు. ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి కొడితే పిట్టలు లేచి పక్క చేను మీద వాలేవి. పక్క చేనువాడు మనల్ని తిట్టుకుంటూ మళ్లీ మన మీదికి తోలేవాడు. పంట ఇంటికొస్తే సొప్ప ఎడ్లకు, గింజ మనకు.

తరువాత పత్తి వచ్చింది. ముందు ఒకరిద్దరు పెట్టారు, ఆ మరుసటేడు సగం ఊరు, ఆపైన అందరూ. మేమేమన్నా తక్కువ తిన్నామా? నాలుగెకరాల్లో మూడున్నర మేమూ పత్తే పెట్టాం. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చాక సొప్పతో కూడా పని లేకుండా పోయింది. రేషన్ బియ్యం వచ్చాక ఇసుర్రాయి వాకిట్లో బట్టలు ఉతికే బండకు పక్కరాయి అయింది. ఇప్పుడేమో షుగరు వచ్చినవాళ్లంతా సాయంత్రం పూట ఇచ్చోడ రోడ్డు మీద నిలబడి జొన్నరొట్టెలు కట్టించుకుని పోతున్నారు. ఏ జొన్నో, ఎక్కడి జొన్నో అడగరు. నాకు చూస్తే ఒళ్లు మండుతుంది.

మిగిలిన ఆ అరెకరం మా అత్తది. "నేనున్నన్ని దినాలు గా అరెకురంల జొన్న తప్ప ఇంకోటి పెడితె నా మీద పెట్టినట్టే" అని కొడుక్కి చెప్పింది. మా ఆయన మెత్తనివాడు, తల్లి మాట దాటడు. నేను మాత్రం సణిగేదాన్ని. పత్తి పెడితే నాలుగు రాళ్లొస్తాయి కదా అని నా బాధ.

విత్తనం తీయడం మా అత్త ఒక పూజ లెక్క చేసేది. కోతకు రెండు రోజుల ముందు తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా, ఒక్కతే చేన్లోకి పోయేది. మనం పలకరిస్తే పలికేది కాదు. ఒక్కో కంకిని వంచి చూసి, నిండుగా ఉన్నదాన్ని తుంచి కొంగులో వేసుకునేది. ఇంటికొచ్చి జనుపతాడుతో కట్ట కట్టి, పొయ్యి మీద వాసానికి వేలాడదీసేది. కట్టెల పొగ తగిలి తగిలి ఆ కట్ట నల్లగా అయ్యేది. పొగ పట్టిన గింజకు పురుగు రాదు. వాన పడి దుక్కి తడిసిన రోజు కట్ట దింపేది. ఒకప్పుడు ఊళ్లో సగం మందికి ఆమే విత్తనమిచ్చేది. రానురాను అడగడానికి వచ్చేవాళ్లు లేకుండా పోయారు. అయినా కట్ట కట్టడం మానలేదు. జొన్న విత్తనం ఒక ఏడాది ఆగుతుంది, రెండో ఏడు సగమే మొలుస్తుంది, మూడో ఏడు మన్నే అని ఆమె లెక్క. అందుకే ఏటేటా విత్తాలి. ఒక్కసారి మానితే ఇక లేదు.

విత్తనాన్ని తిండికి ముట్టుకోవడం మా ఇంట్లో లేదు. ఒకసారి చుట్టాలొచ్చి పిండి తక్కువైతే, "ఆ కట్టలోంచి నాలుగు కంకులు దులపనా?" అని అడిగాను. చేతిలో ఉన్న అట్లకాడతో కొట్టినంత పని చేసింది. "ఆకలైతె నన్ను తిను గని ఇత్తనం తినకు!" అంది. ఇంత చిన్నమాటకు ఇంత కోపమెందుకని నేను రెండు రోజులు మూతి ముడుచుకున్నాను.

ఆమె కళ్లకు పొరలొచ్చాయి. ఆపరేషన్ అంటే "నా కండ్లు నాతోనే పోనీయ్" అంది. చేనుకు పోలేని ఏడు, కోతల ముందు నన్ను పిలిచి, "ఇగ నువ్వే తీయాలె పిల్లా" అంది. నేను నవ్వాను. "నేను బియ్యం దేశం పిల్లనాయె, నాకేం తెలుస్తది?" అన్నాను. ఆమె నవ్వలేదు. "నీ మొగనికి చేతగాదు. నువ్వు నోటిదానివి, పట్టుకుంటె ఇడువవు. నా ఇత్తనం పోనియ్యకు బిడ్డా" అని నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పటిదాకా నన్ను పిల్లా అనడమే తప్ప బిడ్డా అన్నది లేదు. నేను సరే అన్నాను. ఆ తరువాత నాలుగేళ్లు తలస్నానం చేసి, మాట్లాడకుండా పోయి, కంకులు నేనే తెచ్చాను.

ఐదో ఏడు కొత్త ఇల్లు కట్టాం. గూనపెంకుల ఇంటి మీద కోతులు పడి పెంక మిగల్చడం లేదు. అందరిలాగే స్లాబు వేయించాం. వంటింట్లో గ్యాసు. ఆ ఏడు నేను కట్ట తెచ్చి, ఎప్పటిలాగే పొయ్యి మీద వేలాడదీశాను. వాసం లేదు కాబట్టి స్లాబుకు కొండి పెట్టించి మరీ వేలాడదీశాను. మా ఆయన బల్ల మీదికెక్కి కట్టాడు. మా అత్త కింద నుంచి, "పొయ్యి మీదనే కట్టిన్రా?" అని అడిగింది. "పొయ్యి మీదనే అత్తా" అన్నాను. "ఆఁ, మంచిగైంది" అంది.

ఎవరికైనా చెప్తే నవ్విపోతారు. ముగ్గురం సేద్యం చేసి ముసలివాళ్లమయ్యాం. పొగ కోసమే కదా పొయ్యి మీద కట్టేది, గ్యాసుకు పొగెక్కడిది అని ముగ్గురిలో ఒక్కరికి తట్టలేదు. ఆ కట్ట కిందే ఏడు నెలలు రోజుకు మూడు పూటలు వండాను. పొయ్యి మీద ఉంది కదా, ఇక ఫికర్ లేదనుకున్నాను. బుద్ధి గడ్డి తిందంటే ఇదే.

మొదటి వాన పడిన రోజు మా ఆయన కట్ట దింపి నా చేతికిచ్చాడు. దూది లెక్క తేలిగ్గా ఉంది. కంకి నలిపితే గింజలు రాలేదు, తెల్లటి పిండి రాలింది, పిండిలో ముక్కుపురుగులు పాకుతున్నాయి. మా అత్త మంచంలోంచి, "ఏమైందే? ఏమైందంటె చెప్పరేందే?" అని అరుస్తోంది. తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. వేళ్లతో నలిపి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "పొగ వాసన లేదేందే?" అంది. అప్పుడు తెలిసింది ముగ్గురికీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆమె ఏమన్నా తిడితే బాగుండు. తిట్టలేదు. "నీళ్లల్ల ఎయ్యి. మునిగినయ్ తీయ్" అంది. నీళ్లలో పోస్తే అంతా తేలింది, అడుగున రెండు సోలెల గింజలు మిగిలాయి. తిండికి ఉంచిన జొన్నలు ఎండాకాలంలోనే అయిపోయాయి, ఈ రెండు సోలెలు చాలవేమోనని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. ఇచ్చోడ దాకా పోయి, పచ్చజొన్న విత్తనం ఎవరి దగ్గరన్నా ఉందా అని కనపడిన ప్రతి ముసలిదాన్నీ అడిగాను. "ఇంక ఏడుందమ్మా, గవెప్పుడో పాయె" అన్నారు. దుకాణంలో రంగు పూసిన తెల్లజొన్న ప్యాకెట్ ఇచ్చాడు. అది మాకెందుకు?

ఆ రెండు సోలెలూ బావి పక్కన పది గుంటల్లో, అంటే పావెకరంలో విత్తాను. పక్క చేను ఆయన దుబాయిలో పదేళ్లు చేసి వచ్చి పత్తి పెడుతున్నాడు. గట్టు మీద నిలబడి, "వదినె, మనుషులకు పెట్టుడైపోయింది, ఇగ పిట్టలకు అన్నదానం పెడుతున్నవా?" అన్నాడు. "నువ్వు దుబాయిల ఒంటెలకు పెట్టి రాలేదా, నేను పిట్టలకు పెడితె ఏంది?" అన్నాను. పైకి అలా అన్నాను గానీ లోపల భయంగానే ఉంది. చేను మాత్రం ఎంత బాగా మొలిచిందో! నాకన్న ఎత్తు పెరిగింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా అని మురిసిపోయాను. ఇంటికొచ్చి రోజూ అత్తకు చెప్పేదాన్ని, ఇయాల ఇంతైంది, ఇయాల పొట్టకొచ్చింది అని. ఆమె మంచంలో లేచి కూర్చుని వినేది.

ఒకప్పుడు ఊరంతా జొన్న ఉంటే, ఉన్న పిట్టలన్నీ పంచుకుని తినేవి. చేనుకు ఇంత పోయినా తెలిసేది కాదు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల కనుచూపుమేర పత్తి, మధ్యలో నా పది గుంటల జొన్న. గింజ పాలు పోసుకోగానే ఎక్కడెక్కడి పిట్టలూ నా మీదే పడ్డాయి. మంచె కట్టించాను. పొద్దు పొడవకముందే పోయి పొద్దుగూకేదాకా డబ్బా కొట్టాను, ఒడిసెల తిప్పాను. తోలితే పిట్ట ఎక్కడికి పోతుంది? పత్తి మీద వాలి ఏం తింటుంది? ఒక చుట్టు తిరిగి మళ్లీ నా చేన్లోనే దిగేది. భుజం వాచింది, గొంతు పోయింది. పాత చీరలు చింపి ఒక్కో కంకికి గుడ్డ కట్టాను. రామచిలుకలు గుడ్డలు కూడా చింపాయి. మా ఆయన వచ్చి, "ఊకో, ఇగ గింతే" అన్నాడు. నాకు ఎంత కోపమొచ్చిందంటే ఆ ఒడిసెల రాయితో ఆయన్నే కొట్టేదాన్ని.

అయినా కొంత నిలబడింది. ఇంకో నాలుగు రోజులైతే కోయొచ్చు. ఆ పొద్దున పోయేసరికి చేను లేదు. అడవిపందులు పడి తొక్కి, నమిలి, పొర్లి పోయాయి. ఒక్క మొక్క నిలబడి లేదు. నేను ఆ మట్టిలో కూర్చుని శోకాలు పెట్టి ఏడ్చాను, ఇంట్లో మనిషి పోయినట్టే. పక్క చేను ఆయన వచ్చాడు. నాతో పాటు వంగి బురదలో కంకులు వెతికాడు. పిట్టలు పొడిచినవి, పందులు నమిలినవి పోగా పిడికిలిలో పట్టేన్ని కంకులు దొరికాయి.

ఇంటికి తెచ్చి, వాకిట్లో మూడు రాళ్లు పెట్టి కట్టెల పొయ్యి చేశాను. దానిపైన కర్రలు పాతి, కంకులు కట్టి, రోజూ పొగబెట్టాను. ఈసారి పోనిచ్చేది లేదు. మా అత్తతో మాత్రం, "ఏం మిగల్లే అత్తా, అంతా పాయె" అన్నాను. ఎందుకు అబద్ధమాడానంటే, ఆ బక్క కంకులు ఆమె చేతికిస్తే వేళ్లతోనే చూసేస్తుంది, గుండె పగిలిపోతుంది. వచ్చే ఏడు విత్తి, మొలిచాక, ఎత్తుకుని పోయి చేన్లోనే నిలబెట్టి చూపిద్దామనుకున్నాను. ఆమె "పాయెనా" అంది, అంతే. మళ్లీ లేచి కూర్చోలేదు.

చలికాలం మొదట్లో ముద్ద దిగడం ఆగిపోయింది. అన్నం పెడితే, "గొంతుల దిగుతలేదు బిడ్డా" అనేది. పాలు పోస్తే కక్కేది. మూడో రోజు, "జర గటక పొయ్యవే" అంది. ఇచ్చోడ నుంచి జొన్నలు తెప్పించి వండాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. "ఇది జొన్న గాదు" అంది. ఆ తరువాత రెండు రోజులు నీళ్లు తప్ప ఏమీ లేదు. ఊళ్లోకి వచ్చే సర్కారు దవాఖాన నర్సమ్మ చెయ్యి పట్టి చూసి, ఆమె ఏది అడిగితే అది పెట్టండి, ఇంకెన్నో రోజులు లేవు అని చెప్పి పోయింది.

మా ఆయన దర్వాజ దగ్గర నిలబడి వాకిట్లోకి చూస్తున్నాడు, నేను పొగబెట్టే పొయ్యి దిక్కు. నోటితో చెప్పడు. "చెప్పు! ఇసరుమంటవా? నోరు తెరిచి చెప్పు!" అని ఆయన మీద పడ్డాను. "నేనేం చెప్తనే, అవ్వ ఆకలితోటి పోతున్నది" అన్నాడు. ముసలాయన, చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు.

నేను కంకులు దింపాను. రాల్చితే సోలెడు కూడా రాలేదు. ఇసుర్రాయి కడిగి విసిరాను. విసురుతున్నంతసేపూ ఇంకా కొన్ని తీసి పెట్టనా, పది గింజలన్నా ఉంచనా అని చేయి ఆగుతూనే ఉంది. పది గింజలు విత్తితే పిట్టకు ఒక పూట. అంతా విసిరేశాను. గటక వండి, మజ్జిగ పోసి, ఉప్పేసి, తల కిందికి చెయ్యి పెట్టి లేపి తినిపించాను. మొదటి ముద్దకే ఆమె మొహం విప్పారింది. "ఆఁ" అంది. ఆబగా తింది. రెండు, మూడు, నాలుగు ముద్దలు. నాకు సంతోషమయింది, ఎందుకు దాచాలి.

సగమయ్యాక ఆగింది. "ఏడికెళ్లి తెచ్చినవే?" అని అడిగింది.

"ఇచ్చోడల దొరికింది అత్తా."

"ఇచ్చోడది మొన్న దిన్న గదనే." నోట్లో ఉన్నదాన్ని నాలుక మీద అటూ ఇటూ తిప్పింది. "ఇది మన చేన్ది. అంత పాయె అంటివి." నేను ముద్ద కలుపుతూ ఉండిపోయాను. "ఇత్తనమా?" అంది.

ఊరందరి నోరూ మూయించే నేను ఇంకో ముద్ద తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె నా చెయ్యి పక్కకు జరిపింది. కనపడని కళ్లతో పైకి చూస్తూ, "నీకొక ఆడిబిడ్డ ఉండె" అంది.

నేను కాపురానికొచ్చి నలభై ఏళ్లు దాటింది. మా ఆయన ఒక్కడే కొడుకు, వెనకా ముందూ ఎవరూ లేరనే విన్నాను. దర్వాజ దగ్గర ఆయనా కదలకుండా నిలబడ్డాడు. ఆయనకూ తెలియదు.

"వీని కన్న పెద్దది. మూడేండ్లది. ఆ యేడు వానల్లేవు, ఇంట్ల గింజ లేదు. పొయ్యి మీద ఇత్తనం కట్ట ఉండె. అవ్వా ఆకలి, అవ్వా ఆకలి అనుకుంట గా కట్ట దిక్కే సూస్తుండె. మీ మామ దింపుదమన్నడు. నేనే ముట్టనియ్యలే. రేపు వానొస్తె ఏం ఇత్తుతం అన్న." ఊపిరి తీసుకుంది. "వానొచ్చింది. పిల్ల లేదు."

నేను పళ్లెం పక్కన పెట్టేశాను. "వద్దులే అత్తా, ఇడిసిపెట్టు" అన్నాను.

"తే" అంది.

"అత్తా..."

"తే. ఇగ ఎవలికి దాస్తవ్?"

పెట్టాను. నమలడానికి పళ్లు లేవు, చిగుళ్లతోనే నమిలి, ఒక్కో ముద్దా మింగింది. ఆగకుండా తింది. అయిపోయాక పళ్లెం తన చేతికిమ్మని, వేలితో చుట్టూ తుడుచుకుని నాకింది. పళ్లెంలో ఏమీ మిగల్చలేదు.